అవధుల్లోనే కిటుకు: కఠిన నిశ్చిత సమాకలనుల సాధన మార్గాలు

ఇంటర్ రెండో సంవత్సరం 2బి పుస్తకంలో నిశ్చిత సమాకలనుల పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ ఒక పద్ధతి అలవాటవుతుంది. ముందు అనిశ్చిత సమాకలని కనుక్కోవాలి. అందులో ఎగువ అవధి వేసి, దిగువ అవధి వేసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసెయ్యాలి. కలనగణిత మూల సిద్ధాంతం చెప్పేది ఇదే. పరీక్షల్లో వచ్చే లెక్కలకు చాలామటుకు ఇది సరిపోతుంది. డిగ్రీ దాటి భౌతికశాస్త్రంలోకో, సంభావ్యతలోకో, సంఖ్యా సిద్ధాంతంలోకో వెళ్తే ఎదురయ్యే సమాకలనుల్లో చాలావాటికి మాత్రం ఆ మొదటి మెట్టే ఉండదు.

ఇ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ అనే ప్రమేయాన్నే తీసుకుందాం. దీని అనిశ్చిత సమాకలనిని బహుపదులు, ఘాత ప్రమేయాలు, లాగరిథమ్‌లు, త్రికోణమితి ప్రమేయాలతో పరిమితమైన సూత్రంగా రాయడం అసాధ్యమని గణితం రుజువు చేసింది. ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ లియువిల్ 1830ల్లో నిర్మించిన సిద్ధాంతమే ఆ రుజువుకు పునాది. అయినా అదే ప్రమేయాన్ని మైనస్ అనంతం నుంచి ప్లస్ అనంతం దాకా సమాకలనం చేస్తే జవాబు సరిగ్గా √π. అవధులను 0, 1 అని మారిస్తే అంత చక్కని జవాబు రాదు. ప్రమేయం మారలేదు, అవధులు మారాయి, అంతే.

అనిశ్చిత సమాకలని దొరకని చోట నిశ్చిత సమాకలని విలువ ఎలా దొరుకుతుంది? మూడు శతాబ్దాలుగా గణితవేత్తలు ఇచ్చిన జవాబులను ఒకచోట చేర్చి, వాటి బలాబలాలను బేరీజు వేయడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. కష్టమైన నిశ్చిత సమాకలని లొంగేది ప్రమేయాన్నీ అవధులనూ విడదీయకుండా కలిపి చూసినప్పుడే. 0 నుంచి π/2, 0 నుంచి 1, 0 నుంచి అనంతం వంటి అవధులను లెక్క చివర ప్రతిక్షేపించే సంఖ్యలుగా చూడటం మానాలి. లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి. దీనితో పాటు, ప్రతి పద్ధతీ ఎక్కడిదాకా చెల్లుతుందో తెలియకపోతే ఆ పద్ధతి వచ్చినట్టు కాదు.

సౌష్ఠవం: అవధులను తిరగేసి చూడటం

మన కోచింగ్ క్లాసుల్లో 'కింగ్ రూల్' అని పిలుచుకునే ధర్మం అన్నిటికన్నా తేలికైనది. రెండు అవధుల మొత్తంలోంచి ఎక్స్ తీసేస్తే వచ్చేదాన్ని ఎక్స్ ఉన్న ప్రతిచోటా రాసినా సమాకలని విలువ మారదు. వక్రరేఖను ఎడమ నుంచి కుడికి చదివినా, కుడి నుంచి ఎడమకి చదివినా దాని కింది వైశాల్యం ఒకటే కదా! ఇంత చిన్న విషయం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే అమెరికాలో జరిగే పుట్నమ్ గణిత పోటీలో 1980లో ఇచ్చిన లెక్క చూడాలి. 1 బై (1 ప్లస్ టాన్ ఎక్స్ పవర్ √2) అనే ప్రమేయాన్ని 0 నుంచి π/2 దాకా సమాకలనం చేయమన్నారు. √2 అనే ఘాతాన్ని చూసి అనిశ్చిత సమాకలని వెతకడం మొదలుపెడితే దారి దొరకదు. ఎక్స్ బదులు π/2 మైనస్ ఎక్స్ రాస్తే టాన్ కాస్తా కాట్ అవుతుంది. పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ కూడితే ప్రతి బిందువు దగ్గరా మొత్తం 1. కాబట్టి సమాకలనికి రెట్టింపు π/2, సమాకలని π/4. √2కి ఈ జవాబులో ఏ పాత్రా లేదు. అక్కడ ఏ వాస్తవ సంఖ్య ఉన్నా జవాబు ఇదే.

ఫ్రెంచి గణితవేత్త సెర్రే 1844లో సాధించిన సమాకలని మరో మెట్టు పైది. లవంలో లాగ్ (1 ప్లస్ ఎక్స్), హారంలో 1 ప్లస్ ఎక్స్ స్క్వేర్, అవధులు 0, 1. హారాన్ని చూడగానే ఎక్స్ బదులు టాన్ తీటా రాయాలనిపిస్తుంది. రాస్తే మిగిలేది లాగ్ (1 ప్లస్ టాన్ తీటా) ఒక్కటే, అవధులు 0, π/4. ఇప్పుడు తీటాని π/4 మైనస్ తీటాగా మారిస్తే లాగ్ లోపలిది 2 బై (1 ప్లస్ టాన్ తీటా) అవుతుంది. కూడితే ప్రమేయం మొత్తం పోయి లాగ్ 2 మిగులుతుంది. జవాబు (π/8) లాగ్ 2. 2005 పుట్నమ్ పోటీలో ఇదే లెక్క మళ్లీ వచ్చింది.

ఆయిలర్‌కు తెలిసిన లాగ్ సైన్ ఎక్స్ లెక్కలో సౌష్ఠవం ఇంకాస్త సూక్ష్మంగా పనిచేస్తుంది. 0 నుంచి π/2 దాకా లాగ్ సైన్, లాగ్ కాస్ సమాకలనులు రెండూ సమానం. వాటిని కూడి, సైన్ ఇంటూ కాస్‌ను సైన్ 2ఎక్స్‌లో సగంగా రాస్తే పాత సమాకలనే తిరిగొస్తుంది, వెంట ఒక స్థిరాంకం ఉంటుంది. తెలియని రాశి సమీకరణానికి రెండు వైపులా రావడంతో అది మైనస్ (π/2) లాగ్ 2 అని తేలిపోతుంది. సమాకలని తనను తానే పట్టిస్తుందన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు మళ్లీ అవసరమవుతుంది.

సౌష్ఠవానికి ఒక పరిమితి ఉంది. అది ఉన్నచోటే పనిచేస్తుంది. సెర్రే లెక్కలో ఎగువ అవధి π/4ను π/3గా మార్చి చూడండి, దారి మూసుకుపోతుంది. అందుకే దీన్ని మొదట పరీక్షించాలి, దీని మీదే ఆధారపడకూడదు.

ఒక పరిమాణం పెంచడం

మొదట చెప్పిన √π లెక్కకు పాయసాన్ పేరుతో ప్రచారంలో ఉన్న సాధన విచిత్రంగా ఉంటుంది. ఒక సమాకలని కష్టంగా ఉంటే దాన్ని దానితోనే గుణించమంటుంది. ఒకదాంట్లో ఎక్స్, రెండోదాంట్లో వై రాస్తే లబ్ధం మొత్తం తలం మీద ద్విక సమాకలని అవుతుంది. ఘాతంలో ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ వస్తుంది, అంటే మూలబిందువు నుంచి దూరానికి వర్గం. ధ్రువ నిరూపకాల్లోకి మారగానే వైశాల్యపు ముక్కతో పాటు ఆ దూరం ఒక గుణకంగా వచ్చి చేరుతుంది. అంతకుముందు ఏ గుణకం లేక అసాధ్యమైన సమాకలనం దాంతో తేలికపడుతుంది. వ్యాసార్థం వైపు నుంచి సగం, కోణం వైపు నుంచి 2π, లబ్ధం π, దాని వర్గమూలం మన జవాబు. ఇది కూడా అవధుల మహిమే. పూర్తి తలం గుండ్రంగా తిప్పినా మారదు. 0 నుంచి 1 దాకా తీసుకుంటే వచ్చేది చతురస్రం, దాన్ని ధ్రువ నిరూపకాలు చక్కబరచలేవు.

ఆయిలర్ 1729 నుంచి అభివృద్ధి చేసిన గామా ప్రమేయం, దానికి తోడైన బీటా ప్రమేయం ఈ కోవకు చెందినవే. ఫాక్టోరియల్‌ను భిన్నాలకూ విస్తరించే గామాకు 1/2 దగ్గర విలువ √π. సైన్, కాస్ ఘాతాల లబ్ధాలు, ఎక్స్, 1 మైనస్ ఎక్స్‌ల ఘాతాల లబ్ధాలు అన్నీ సరైన ప్రతిక్షేపణతో బీటాగా మారి, అక్కడి నుంచి గామా విలువల నిష్పత్తిగా తేలతాయి. బీఎస్సీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇది సిలబస్‌లో భాగమే కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు.

కొత్త అక్షరం చేర్చడం

ఇప్పుడు అన్నిటికన్నా పేరున్న పద్ధతికి వద్దాం. రిచర్డ్ ఫైన్‌మన్ హైస్కూల్లో ఉండగా ఆయన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు బేడర్ ఒక పుస్తకం చేతిలో పెట్టారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు ఫ్రెడరిక్ వుడ్స్ రాసిన 'అడ్వాన్స్‌డ్ కాలిక్యులస్' అది. సమాకలని గుర్తు లోపల అవకలనం చేయడం అందులో నేర్చుకున్నానని, ఇతరులకు లొంగని సమాకలనులు తనకు లొంగడానికి అదే కారణమని ఫైన్‌మన్ తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పుకున్నారు. అందుకే ఇప్పుడు దీన్ని 'ఫైన్‌మన్ ట్రిక్' అంటున్నారు. సూత్రం మాత్రం లైబ్‌నిట్జ్ కాలం నాటిది.

సంగతి ఇది. సమాకలనిలో లేని అక్షరాన్ని, అంటే ఒక పరామితిని, మనమే తెచ్చి చేర్చాలి. ఆ పరామితి దృష్ట్యా అవకలనం చేస్తే లోపల ఉన్న అడ్డంకి పోవాలి. మిగిలిన తేలికైన సమాకలనిని సాధించి, పరామితి దృష్ట్యా తిరిగి సమాకలనం చేసి, మనకు కావలసిన విలువ దగ్గర ఆగాలి. (ఎక్స్ పవర్ ఎ మైనస్ 1) బై లాగ్ ఎక్స్ అనే ప్రమేయాన్ని 0 నుంచి 1 దాకా సమాకలనం చేయాలనుకుందాం. అడ్డంకి హారంలోని లాగ్ ఎక్స్. ఎ దృష్ట్యా అవకలనం చేస్తే లవంలో సరిగ్గా ఒక లాగ్ ఎక్స్ పుట్టి హారంలోని దాన్ని కొట్టేస్తుంది. మిగిలేది ఎక్స్ పవర్ ఎ ఒక్కటే, దాని విలువ 1 బై (ఎ ప్లస్ 1). ఎ సున్నా అయితే అసలు సమాకలని కూడా సున్నా. కాబట్టి జవాబు లాగ్ (ఎ ప్లస్ 1). మూడు వరుసల్లో అయిపోయింది.

పరామితిని ఎక్కడ చేర్చాలన్నదే ఇందులో అసలు కష్టం. సైన్ ఎక్స్ బై ఎక్స్, అవధులు 0, అనంతం. డిరిక్లే పేరుతో పిలిచే ఈ సమాకలనిలో సైన్ లోపల ఎ చేర్చి, సైన్ ఎఎక్స్ బై ఎక్స్ అని రాస్తే సహజంగానే ఉంటుంది. అవకలనం చేస్తే ఎక్స్ పోతుంది గాని మిగిలేది కాస్ ఎఎక్స్. 0 నుంచి అనంతం దాకా దానికి విలువే లేదు. దారి తప్పినట్టే. బదులుగా బయట ఇ పవర్ మైనస్ ఎఎక్స్ అనే గుణకాన్ని చేర్చాలి. అది దూరం పోయేకొద్దీ ప్రమేయాన్ని అణచివేస్తుంది. ఇప్పుడు అవకలనం చేస్తే మైనస్ 1 బై (1 ప్లస్ ఎ స్క్వేర్) వస్తుంది. ఎ అనంతం వైపు వెళ్తే సమాకలని సున్నా వైపు వెళ్తుంది. కాబట్టి సమాకలని విలువ π/2 మైనస్ టాన్ ఇన్వర్స్ ఎ. ఎని సున్నాకి దించితే π/2.

ఆ చివరి మాట, 'ఎని సున్నాకి దించితే', అనుకున్నంత అమాయకమైంది కాదు. సైన్ ఎక్స్ బై ఎక్స్ పరమ మూల్యాన్ని సమాకలనం చేస్తే అనంతం వస్తుంది. ధన, రుణ భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్లే π/2 నిలబడుతోంది. అలాంటి చోట ఎని సున్నాకి పంపే పనిని సమాకలని లోపలికి తీసుకెళ్లడానికి విడిగా రుజువు కావాలి. కేంబ్రిడ్జి గణితవేత్త జి. హెచ్. హార్డీ 1909లో 'మ్యాథమెటికల్ గెజెట్' పత్రికలో ఈ ఒక్క సమాకలని మీదే వ్యాసం రాశారు. దానికున్న రకరకాల రుజువుల్లో ఎక్కడెక్కడ అనంత ప్రక్రియల క్రమం తారుమారు చేస్తున్నారో లెక్కగట్టి, క్లిష్టతను బట్టి ఒక్కోదానికి మార్కులు వేశారు. తక్కువ మార్కులొచ్చిన రుజువే మేలైనది. పద్ధతుల్ని పోల్చడానికి ఇంతకన్నా న్యాయమైన కొలబద్ద నాకు కనిపించలేదు.

శ్రేణిగా విప్పడం

ఒక్క ముక్కగా లొంగని ప్రమేయాన్ని అనంత శ్రేణిగా విప్పి, పదం పదంగా సమాకలనం చేయడం మరో దారి. యోహాన్ బెర్నూలీ 1697లో ఎక్స్ పవర్ ఎక్స్ ప్రమేయాన్ని 0 నుంచి 1 దాకా ఇలాగే సాధించాడు. దాన్ని ఇ పవర్ (ఎక్స్ లాగ్ ఎక్స్) అని రాసి శ్రేణిగా విప్పితే ప్రతి పదమూ తేలికైన సమాకలనే. జవాబు 1 మైనస్ 1 బై 2 పవర్ 2, ప్లస్ 1 బై 3 పవర్ 3, మైనస్ 1 బై 4 పవర్ 4, అలా సాగిపోతుంది. విలువ సుమారు 0.7834. π, ఇ వంటి తెలిసిన స్థిరాంకాలతో చిన్న సూత్రం ఇక్కడ దొరకలేదు. అయినా ఆ శ్రేణి ఎంత వేగంగా అభిసరిస్తుందంటే, కొద్ది పదాలతోనే ఎన్నో దశాంశ స్థానాలు చేతికొస్తాయి.

భౌతికశాస్త్రంలో ఈ పద్ధతికి దక్కిన స్థానం ఇంకా పెద్దది. వేడెక్కిన వస్తువు వెదజల్లే వికిరణానికి మాక్స్ ప్లాంక్ 1900లో సూత్రం ఇచ్చారు. అన్ని పౌనఃపున్యాల మీదా కలిపి మొత్తం శక్తి ఎంతో తెలియాలంటే ఎక్స్ క్యూబ్ బై (ఇ పవర్ ఎక్స్ మైనస్ 1) అనే ప్రమేయాన్ని 0 నుంచి అనంతం దాకా సమాకలనం చేయాలి. హారాన్ని గుణశ్రేఢిగా విప్పితే ప్రతి పదమూ గామా సమాకలని అవుతుంది. ఎన్‌వ పదం 6 బై ఎన్ పవర్ 4. వీటి మొత్తం π పవర్ 4 బై 15. ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనుపాతంలో శక్తి వెలువడుతుందని స్టెఫాన్ 1879లోనే ప్రయోగ ఫలితాల నుంచి చెప్పారు. అందులోని స్థిరాంకాన్ని ప్లాంక్ సిద్ధాంతం నుంచి రాబట్టేటప్పుడు కావలసిన సంఖ్య ఇదే.

రామానుజన్ దారి

శ్రేణికీ సమాకలనికీ మధ్య వంతెనను అందరికన్నా ధైర్యంగా దాటినవాడు శ్రీనివాస రామానుజన్. 1910 చివర్లో ఉద్యోగం లేక, ఆదరణ లేక తిరుగుతున్న రోజుల్లో ఆయన్ని చేరదీసినవారు అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు. తన ముందు నోటు పుస్తకాలు విప్పి ఆ యువకుడు దీర్ఘవృత్త సమాకలనుల గురించి వివరించాడని రామచంద్రరావే రాసుకున్నారు. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధక వేతనం ఇచ్చి, మూడు నెలలకోసారి నివేదిక ఇమ్మంది. ఆ నివేదికల్లో రామానుజన్ రాసింది ప్రధానంగా నిశ్చిత సమాకలనుల గురించే. ఇప్పుడు 'రామానుజన్ మాస్టర్ థీరమ్' అంటున్నది వాటిలో ఉంది.

అది చెప్పేది ఇది. ఒక ప్రమేయాన్ని మైనస్ ఎక్స్ ఘాతాల శ్రేణిగా విప్పితే, ఎన్‌వ పదంలో ఎన్ ఫాక్టోరియల్‌తో భాగించాక మిగిలే గుణకాన్ని ఎన్ మీద ఆధారపడే సూత్రంగా రాయండి. ఇప్పుడు ఆ ప్రమేయాన్ని ఎక్స్ పవర్ (ఎస్ మైనస్ 1)తో గుణించి 0 నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే, జవాబు గామా ఎస్ ఇంటూ ఆ గుణక సూత్రంలో ఎన్ బదులు మైనస్ ఎస్ వేస్తే వచ్చే విలువ. సహజ సంఖ్యల దగ్గర మాత్రమే అర్థమున్న సూత్రాన్ని రుణ సంఖ్యలకూ భిన్నాలకూ వర్తింపజేయడం ఇందులోని సాహసం. 1 బై (1 ప్లస్ ఎక్స్) మీద వేసి చూస్తే గుణకం ఎన్ ఫాక్టోరియల్. జవాబు గామా ఎస్ ఇంటూ గామా (1 మైనస్ ఎస్), అంటే π బై సైన్ πఎస్. ఎస్ 0కీ 1కీ మధ్య ఉన్నంతవరకు ఇది అక్షరాలా నిజం.

అన్నిచోట్లా నిజం కాదు. ఉదాహరణకు గుణక సూత్రానికి సైన్ πఎన్ కలిపితే సహజ సంఖ్యల దగ్గర తేడా ఏమీ తెలియదు, మైనస్ ఎస్ దగ్గర మాత్రం జవాబు మారిపోతుంది. ఏ షరతుల కింద సిద్ధాంతం చెల్లుతుందో హార్డీ తేల్చి, 1940లో వచ్చిన తన రామానుజన్ ఉపన్యాసాల పుస్తకంలో నిశ్చిత సమాకలనులకే ఒక అధ్యాయం కేటాయించారు. రామానుజన్ చూపు ముందు నడిచింది, హార్డీ రుజువు వెనక వచ్చి ఆ దారిని అందరూ నడవగలిగేలా చేసింది. ఈ రంగానికి రెండూ కావాలి.

సంకీర్ణ తలంలోకి వెళ్లి రావడం

ఓగస్టీన్ కోషీ 1814లో పారిస్ అకాడమీకి సమర్పించిన పత్రం నిశ్చిత సమాకలనుల గురించే. సంకీర్ణ విశ్లేషణ అనే మహాశాస్త్రం అక్కడ మొలకెత్తింది. వాస్తవ అక్షం మీది సమాకలనిని పైభాగంలో ఒక పెద్ద అర్ధవృత్తంతో మూసేస్తే సంవృత పథం ఏర్పడుతుంది. దాని వెంట సమాకలని విలువను లోపల హారం సున్నా అయ్యే బిందువులే నిర్ణయిస్తాయి. ఒక్కో బిందువు దగ్గర ఉండే 'అవశేషం' కట్టి, కూడి, 2πఐతో గుణించాలి. పెద్ద అర్ధవృత్తం మీది భాగం సున్నాకు పోతుందని చూపిస్తే సరి.

కాస్ ఎక్స్ బై (1 ప్లస్ ఎక్స్ స్క్వేర్)ను మొత్తం వాస్తవ అక్షం మీద సమాకలనం చేస్తే ఈ దారిలో π బై ఇ వస్తుంది. 1 బై (1 ప్లస్ ఎక్స్ పవర్ 4)కు π బై √2. రెండోది పాక్షిక భిన్నాలతోనూ సాధ్యమే గాని పేజీ నిండుతుంది. బహుపదుల భిన్నాలు, వాటికి సైన్, కాస్ గుణకాలు, భిన్న ఘాతాలు ఉన్నచోట ఈ పద్ధతికి సాటి లేదు. ఇక్కడా షరతు అవధులదే. మొత్తం అక్షం, లేదా 0 నుంచి 2π అయితే పథం సహజంగా మూసుకుంటుంది. 0 నుంచి 1 దాకా అంటే చాలాసార్లు మూయడానికి తావుండదు.

ఒకదాని వెంట ఒకటి

పద్ధతుల్ని విడివిడిగా నేర్చుకుంటాం గాని నిజంగా కష్టమైన సమాకలని ఒక్క పద్ధతికి లొంగదు. ముంబైలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో భౌతికశాస్త్రవేత్త జఫర్ అహ్మద్ 2001లో 'అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ'కి పంపిన సమాకలని దీనికి మంచి సాక్ష్యం. లవంలో టాన్ ఇన్వర్స్ √(2 ప్లస్ ఎక్స్ స్క్వేర్). హారంలో (1 ప్లస్ ఎక్స్ స్క్వేర్) ఇంటూ √(2 ప్లస్ ఎక్స్ స్క్వేర్). అవధులు 0, 1.

మొదటి అడుగు పరామితి. టాన్ ఇన్వర్స్ లోపల, వర్గమూలం ముందు యు చేర్చుదాం. మనకు కావలసింది యు 1 దగ్గర విలువ. యు అనంతానికి పోతే టాన్ ఇన్వర్స్ π/2 అవుతుంది, మిగతా సమాకలని π/6, లబ్ధం π²/12. రెండో అడుగు యు దృష్ట్యా అవకలనం. వర్గమూలం ఎగిరిపోయి ఎక్స్‌లో సాదా భిన్నం మిగులుతుంది, పాక్షిక భిన్నాలతో అది తేలుతుంది. మూడో అడుగు దాన్ని యు దృష్ట్యా 1 నుంచి అనంతం దాకా తిరిగి సమాకలనం చేయడం. మొదటి భాగం π²/16. రెండో భాగం చూడటానికి భయంకరంగా ఉంటుంది. అక్కడ యు బదులు 1 బై టి రాస్తే 1 నుంచి అనంతం అనే అవధులు 0 నుంచి 1గా మారతాయి, కళ్లముందు మన అసలు సమాకలనే ప్రత్యక్షమవుతుంది! ఆ భాగం విలువ π²/12 మైనస్ మన సమాకలని. సమీకరణాన్ని సర్దితే సమాకలనికి రెట్టింపు 5π²/48, జవాబు 5π²/96.

పరామితి, పాక్షిక భిన్నాలు, వ్యుత్క్రమ ప్రతిక్షేపణ, చివరికి లాగ్ సైన్ లెక్కలో చూసిన ఆత్మ సౌష్ఠవం, అన్నీ ఇందులో ఉన్నాయి. యు 1 నుంచి అనంతం దాకా వెళ్లాలని ఎందుకు అనుకోవాలి, 0 నుంచి 1 దాకా ఎందుకు కాకూడదు అన్నది ఆలోచిస్తే, మూలంలోని 0, 1 అవధులకు అద్దం అదే అని తెలుస్తుంది.

ఎక్కడ కాలు జారుతుంది

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతుల్లో చాలావాటి అడుగున ఒకే పని జరుగుతోంది. రెండు అనంత ప్రక్రియల క్రమాన్ని మారుస్తున్నాం. అవకలనాన్ని సమాకలని లోపలికి, మొత్తాన్ని బయటికి, ఒక సమాకలనిని మరోదాని ముందుకు తెస్తున్నాం. ఇది ప్రతిసారీ చెల్లుతుందని లేదు. (ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్) బై (ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్) హోల్ స్క్వేర్ అనే ప్రమేయాన్ని 0 నుంచి 1 దాకా భుజాలున్న చతురస్రం మీద ముందు వై, తర్వాత ఎక్స్ దృష్ట్యా సమాకలనం చేస్తే π/4 వస్తుంది. క్రమం మారిస్తే మైనస్ π/4. చేసిన ప్రతి అడుగూ సరైనదే, జవాబులు మాత్రం రెండు. లెబేగ్, ఫ్యుబినీ, టొనెల్లీ 20వ శతాబ్దం మొదట్లో ఇచ్చిన సిద్ధాంతాలు ఎక్కడ క్రమం మార్చవచ్చో స్పష్టంగా చెబుతాయి. పరమ మూల్యపు సమాకలని పరిమితమైతే ఫ్యుబినీ అనుమతి ఇస్తుంది. ఈ ఒక్క పరీక్ష చేసే అలవాటుంటే సగం తప్పులు తప్పుతాయి.

నమూనా చూసి నమ్మడంలోనూ ప్రమాదముంది. డేవిడ్ బోర్వైన్, ఆయన కుమారుడు జొనాథన్ బోర్వైన్ 2001లో ప్రచురించిన ఫలితం దీనికి గుర్తు. సైన్ ఎక్స్ బై ఎక్స్ సమాకలని π/2. దాన్ని సైన్ (ఎక్స్/3) బై (ఎక్స్/3)తో గుణించినా π/2. అలాగే 5, 7, 9, 11, 13 దాకా చేర్చుకుంటూ పోయినా π/2. 15 చేరగానే విలువ π/2 కన్నా ఒక రవ్వ తగ్గుతుంది. తేడా దశాంశ బిందువు తర్వాత పదకొండో స్థానంలో గాని కనిపించదు. కారణం తేటగానే ఉంది. 1/3 నుంచి 1/13 దాకా బేసి భిన్నాల మొత్తం 1 లోపే ఉంటుంది, 1/15 కలిపితే 1 దాటుతుంది. ఏడు సార్లు నిజమైంది ఎనిమిదోసారి అబద్ధమైంది. రుజువు ఎందుకు కావాలో విద్యార్థికి చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

పట్టికలు, కంప్యూటర్లు

డచ్ గణితవేత్త బీరెన్స్ డి హాన్ 1858లో నిశ్చిత సమాకలనుల మహా పట్టికను వెలువరించి, 1867లో సవరించి మళ్లీ అచ్చువేశారు. 20వ శతాబ్దంలో ఆ స్థానాన్ని సోవియట్ రచయితలు గ్రాడ్‌స్టెయిన్, రిజిక్‌ల గ్రంథం తీసుకుంది. పట్టికల్లో జవాబులుంటాయి, కారణాలుండవు. π/4 నుంచి π/2 దాకా లాగ్ లాగ్ టాన్ ఎక్స్ విలువ గామా 1/4, గామా 3/4లతో ఆ గ్రంథంలో ఉంది. అదెలా వచ్చిందో ఇలాన్ వార్డీ 1988లో వివరించి, సంఖ్యా సిద్ధాంతంలోని ఎల్-ప్రమేయాలతో దానికున్న సంబంధం చూపారు. ఆ సమాకలనిని స్వీడన్ గణితవేత్త మాల్మ్‌స్టెన్ 1842లోనే సాధించాడని ఆ తర్వాత పాతికేళ్లకు గాని బయటపడలేదు. అమెరికాలోని ట్యులేన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు విక్టర్ మోల్ గ్రాడ్‌స్టెయిన్, రిజిక్ పట్టికలోని సూత్రాలకు ఒక్కొక్కటిగా రుజువులు రాసే పని చేపట్టారు.

కంప్యూటర్ల సంగతి రెండు భాగాలు. అనిశ్చిత సమాకలని ప్రాథమిక ప్రమేయాల్లో ఉందో లేదో తేల్చే విధానాన్ని రాబర్ట్ రిష్ 1969లో ఇచ్చారు. నిశ్చిత సమాకలనులకు అంతటి సార్వత్రిక విధానం లేదు. సాఫ్ట్‌వేర్లు చాలావరకు పైన చెప్పిన పద్ధతుల్నే, ముఖ్యంగా గామాల లబ్ధాలతో కూడిన మైయర్ ప్రమేయాలను వాడుకుంటాయి. రెండో భాగం మరింత ఆసక్తికరం. జపాన్ గణితవేత్తలు తకహాసి, మోరి 1974లో కనిపెట్టిన 'డబుల్ ఎక్స్‌పొనెన్షియల్' పద్ధతితో సమాకలని విలువను వందల దశాంశాల దాకా కట్టవచ్చు. ఆపైన ఫెర్గూసన్, బెయిలీ 1992లో ఇచ్చిన పీఎస్ఎల్‌క్యూ అల్గారిథమ్, ఆ సంఖ్య π², లాగ్ 2 వంటి స్థిరాంకాల ఏ పూర్ణాంక మిశ్రమమో వెతికి చెబుతుంది. జవాబు ముందు తెలిసి, రుజువు తర్వాత రావడం ఇప్పుడు మామూలైంది. బోర్వైన్ ఉదాహరణ మాత్రం మరువకూడదు, పది దశాంశాలు కలిసినంత మాత్రాన రుజువైనట్టు కాదు.

తేల్చి చెప్పాలంటే

ఈ పద్ధతుల్లో ఏది గొప్పదని అడిగితే ఒక్కటే చెప్పలేం గాని, ఏ క్రమంలో ప్రయత్నించాలో చెప్పవచ్చు. మొదట అవధుల్ని చూసి సౌష్ఠవం ఉందేమో పరీక్షించాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అవధులు మొత్తం వాస్తవ అక్షమై, ప్రమేయం బహుపదుల భిన్నమైతే కోషీ దారి పట్టాలి. 0 నుంచి అనంతం దాకా ఎక్స్ ఘాతం గుణకంగా ఉంటే గామా, రామానుజన్. హారంలో గాని, టాన్ ఇన్వర్స్, లాగ్ లోపల గాని అడ్డంకి ఉంటే పరామితి. ఇవేవీ పనికిరాకపోతే శ్రేణి. అన్నిటికీ ముందు సమాకలని అభిసరిస్తుందో లేదో, అన్నిటికీ చివర కంప్యూటర్ విలువతో జవాబు సరిపోతుందో లేదో చూడాలి.

మన రాష్ట్రాల్లో ఇంటర్, జేఈఈ శిక్షణ సౌష్ఠవ ధర్మాలను పిల్లలకు బాగా నేర్పుతోంది, వేగంగా వాడటమూ నేర్పుతోంది. అది మంచిదే. లోటల్లా అవి ఎందుకు చెల్లుతాయో, ఎక్కడ చెల్లవో చెప్పకపోవడం. అధ్యాపకులకు నా మనవి ఇది. వారానికి ఒక్క సమాకలనినైనా రెండు పద్ధతుల్లో చేయించండి. హార్డీ చేసినట్టు ఏ సాధనలో ఎన్నిసార్లు అనంత ప్రక్రియల క్రమం మార్చామో, ప్రతి మార్పుకూ కారణం ఏమిటో విద్యార్థుల చేతనే చెప్పించండి. కిటుకులు పరీక్ష దాటిస్తాయి. కారణాలు తెలిసిన విద్యార్థి పుస్తకంలో లేని సమాకలనిని కూడా ధైర్యంగా చేతికి తీసుకుంటాడు.